మ్యూజియానికిచ్చిన గద్వాల చీర

మంత్రిగారి భార్య ఢిల్లీకొచ్చిన మొదటి వారంలోనే మా అమ్మకి కబురొచ్చింది. మా నాన్న ఆ మంత్రిగారి పేషీలో స్టెనో. డెబ్బైల మొదట్లో మాట ఇది. సరోజినీ నగర్‌లో రెండు గదుల సర్కారు క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాన్న ఆఫీసు నించి వచ్చి బూట్లు విప్పుకుంటూ, "అమ్మగారికి హిందీ రాదట. వంటవాడికి ఏం చెప్పాలన్నా ఇబ్బందిగా ఉందట. నువ్వోసారి వెళ్ళి రావాలి," అన్నాడు.

అమ్మ బెంబేలు పడింది. మంత్రిగారింటికి ఏం కట్టుకుని వెళ్ళాలి, ఆవిడ ముందు కూర్చోవచ్చా, నిలబడే ఉండాలా, ఇవన్నీ నాన్నని అడిగి అడిగి విసిగించింది. మర్నాడు ఆదివారం. నన్ను తోడు తీసుకుని బస్సెక్కింది.

గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని ముందు గదిలో కూర్చోమన్నాడు. ఎవరూ రాలేదు. కాసేపటికి వెనకవైపు నించి తెలుగులో ఎవరో గట్టిగా మాట్లాడుతున్నట్టు వినిపిస్తే అమ్మ లేచి అటు నడిచింది. వంటింటి వెనక మెట్టు మీద ఒకావిడ కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నేత చీర, చేతికి మట్టిగాజులు. ఎదురుగా వంటమనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాండ్రి, రాండ్రి," అందావిడ మమ్మల్ని చూసి. "ఈయనకు చింతపండు అంటె సమజైతలేదు. ఎట్ల చెప్పాలె?"

"ఇమ్లీ అనాలమ్మగారూ," అంది అమ్మ.

"అమ్మగారేంది? నీకన్న జర పెద్దుంటనేమో. అక్కా అను."

ఆవిడది పాలమూరు. మాది గుంటూరు. ఆ రోజుల్లో ఊళ్ళలో ఆంధ్రా, తెలంగాణా అని గొడవలు జరుగుతున్నాయి. ఇటువాళ్ళ మాట అటువాళ్ళకి పడని కాలం. మా బాబాయి ఉత్తరాల నిండా అదే గోల. ఇక్కడ మాత్రం అమ్మ ఆ మెట్టు మీదే ఆవిడ పక్కన కూర్చుని, చేటలో సగం బియ్యం తన ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ "గిట్ల", "గట్ల" అంటే అమ్మకి నవ్వొచ్చేది. అమ్మ "అలాగేనండీ" అని సాగదీస్తే ఆవిడ నవ్వేది. సాయంత్రం మేం బయల్దేరేసరికి అమ్మ ఆవిడని అక్కా అంటోంది, ఆవిడ అమ్మని చెల్లె అంటోంది. నాకు ఆవిడ పెద్దమ్మ అయిపోయింది. నాన్న మాత్రం చివరిదాకా అమ్మగారనే అన్నాడు.

ఆ ఏడాది చలికాలంలో రాష్ట్రపతి భవన్‌లో ఒక విందుకి పిలుపొచ్చింది. ఆఫ్రికా దేశం ఒకదాని అధ్యక్షుడు భార్యతో సహా వస్తున్నాడు. మంత్రులంతా సతీసమేతంగా రావాలి. పెద్దమ్మకి అలాంటి విందు అదే మొదటిది. పక్క బంగళాలో ఉండే ఇంకో మంత్రి భార్య వచ్చి, మంచి పట్టుచీర కట్టుకోవాలని, నగలు పెట్టుకోవాలని, ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో ఇవన్నీ చెప్పి వెళ్ళింది. పెద్దమ్మకి పట్టు పడదు. కట్టుకుంటే మెడ దగ్గర దద్దుర్లు లేచేవి. పెళ్ళినాడు కట్టిన పట్టుచీర కూడా తాళి పడగానే మార్చేసుకుందట.

"నేను పోనే పోను. జెరమొచ్చిందని చెప్పరాదూ," అని మంత్రిగారితో అంది. ఆయన పేపరులోంచి తల ఎత్తకుండానే, "జ్వరం ఆరోజుకి ముందే ఎట్ల తెలిసిందని అడుగుతరు," అన్నారు.

అమ్మే దారి చెప్పింది. "అక్కా, మీవైపు గద్వాల చీరలుంటాయి కదా. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటికి తగిలేది నూలే. చూసేవాళ్ళకి కనిపించేది పట్టు."

పెద్దమ్మ అమ్మని చూసి, "ఇన్నొద్దులు ఏం చేసినవే ఈ మాట చెప్పకుండ?" అంది.

ఆవిడ తమ్ముడు ఊరి నించి చీర తెచ్చాడు. మిరపపండు రంగు ఒళ్ళు, ముదురాకుపచ్చ అంచు, అంచు మీద జరీ కోటకొమ్ములు. విందు రోజు మధ్యాహ్నం అమ్మా నేనూ వెళ్ళాం. అమ్మ కుచ్చిళ్ళు సర్దింది. నేను జడలో పెట్టడానికి పూలు దొరక్క, తోటలోని చామంతులు కోసుకొచ్చాను. పెద్దమ్మ అద్దంలో చూసుకోలేదు. మంత్రిగారి ఎదురుగా వెళ్ళి నిలబడి, "ఎట్లున్న?" అని అడిగింది. ఆయన కొంచెం సిగ్గుపడి, "మంచిగున్నవ్," అన్నారు. అంత పెద్దమనిషి అలా సిగ్గుపడటం నేనప్పుడే చూశాను.

మర్నాడు పొద్దున్నే కారేసుకుని మా క్వార్టరుకే వచ్చింది. లైనంతా తలుపుల్లోకొచ్చి చూశారు. పెద్దమ్మ మా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. "చెల్లె, అన్నముంటె పెట్టు. రాత్రి ఏం తినలె." అమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చింది. తింటూ తింటూ చెప్పింది.

"ఆ అధ్యక్షుని భార్య ఉన్నది సూడు, తలకు ఇంత రుమాలు చుట్టుకున్నది, నెమలి లెక్క. అందరు ఇంగిలీషులనే మాట్లాడుతుండ్రు. నేను గోడకాడ నిలబడ్డ. ఆమె సక్కగ నా కాడికే వచ్చింది. నా కొంగు వట్టుకున్నది. ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. ఏదో అన్నది. నేను ఆమె రుమాలు వట్టుకుని చూసిన. నేను గూడ ఏదో అన్న."

"ఏమన్నావక్కా?"

"ఏమంట? మీ బట్ట గూడ శాన బాగున్నదమ్మా అన్న. తెలుగుల."

ఆ క్షణంలో ఎవరో ఫోటో తీశారు. మూడో రోజు పేపర్లో పడింది. ఇద్దరాడవాళ్ళూ ఒకరి బట్ట ఒకరు పట్టుకుని వంగి చూసుకుంటున్నారు. కింద ఆ విదేశీ ఆవిడ పేరు రాసి, పెద్దమ్మ దగ్గరికొచ్చేసరికి ఫలానా మంత్రిగారి సతీమణి అని రాశారు. నాన్న ఆ పేపరు ఇంటికి తెస్తే అమ్మ దాన్ని కత్తిరించి ట్రంకు పెట్టె మూతకి లోపలివైపు అంటించింది.

ఆ తర్వాత ఆ చీర పెద్దమ్మ ఒంటి మీద కన్నా ఇతరుల ఒంటి మీదే ఎక్కువ కనిపించింది. ఎవరైనా చీర బాగుందంటే చాలు, "కట్టుకుంటవా?" అనేది. బంగళా వెనక నౌకర్ల క్వార్టర్లలో తోటమాలి కూతురికి పెళ్ళి కుదిరితే, ఎర్రటి చీర కదా అని పెద్దమ్మ అదే ఇచ్చింది. వాళ్ళది పూరబ్, అంటే తూర్పు యూపీ వైపు. ముసుగు వేసుకోవడానికి కొంగు పొడవుగా ఉందని ఆ పిల్ల ముచ్చటపడింది. డ్రైవరు భార్య కొడుకు పుట్టువెంట్రుకలు తీయించేనాడు కట్టుకుంది. తెలుగువాళ్ళ ఉగాది సభలో పాట పాడటానికి అమ్మ కట్టుకుంది. ప్రతిసారీ చీర ఉతికి, ఆరబెట్టి, మడత పెట్టి తిరిగొచ్చేది. పక్క బంగళా ఆవిడకి ఇది నచ్చలేదు. విందుకి కట్టిన చీర నౌకర్లకి ఇస్తారా అని ముఖం మీదే అడిగింది. "కట్టుకుంటే అరిగిపోయేటంత పల్చటిదేం గాదు," అని మాత్రం అంది పెద్దమ్మ.

నా పెళ్ళి ఢిల్లీలోనే జరిగింది. పెళ్ళికూతురి తల్లికి మంచి చీరుండాలని పెద్దమ్మ తనే ఆ చీర పంపింది. భోజనాల దగ్గర ఇనపకుర్చీ అంచు తగిలి కొంగు దగ్గర అంచు బెత్తెడు చిరిగింది. పెళ్ళి సందట్లో అమ్మ ఎవరికీ చెప్పలేదు. నన్ను అత్తారింటికి పంపిన మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని, పట్టుదారంతో పోగు పోగూ కలుపుతూ కుట్టిందట. దారం రంగు సరిగా కలవలేదు. అంచు ముదురాకుపచ్చ, దారం చిలకాకుపచ్చ. బజారంతా తిరిగినా అంతకన్నా దగ్గర రంగు దొరకలేదు. నేను పుట్టింటికొచ్చినప్పుడు, చీర తిరిగివ్వడానికి నన్ను కూడా తీసుకెళ్ళింది.

పెద్దమ్మ చీర విప్పి ఆ కుట్టు మీద వేలు పెట్టి చూసింది.

"గిది నీ చేతి కుట్టా?"

"క్షమించక్కా. ఎంత చూసుకున్నా..."

"మంచిగ కుదిరింది. నాకైతే ఇట్ల రాదు." అంతే. చీర మడత పెట్టి లోపల పెట్టేసి, మా ఆయనకి ఏం ఇష్టం, అత్తగారు ఎలాంటి మనిషి అని నన్ను అడగటం మొదలుపెట్టింది. బస్సులో తిరిగొస్తూ అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

తర్వాత రెండేళ్ళకి అమ్మకి కామెర్లొచ్చాయి. ముదిరాక గానీ తెలియలేదు. అప్పటికి మంత్రిగారి పదవి ఒకసారి పోయి మళ్ళీ వచ్చింది. పెద్దమ్మ ఎన్ని పనులున్నా మధ్యాహ్నం పూట మా క్వార్టరుకొచ్చేది. జావ కాచి చల్లార్చి చెంచాతో పట్టేది. అమ్మ జుట్టు చిక్కులు తీసి, నొప్పి తెలియకుండా వదులుగా జడ అల్లేది. అమ్మ పోయిన రోజున నా పక్కనే నేల మీద కూర్చుంది. ఎవరెవరో వచ్చి మంత్రిగారి భార్య అని కుర్చీ వేయబోతే వద్దని చెయ్యి ఊపింది.

ఎనభైల్లో నాకొక మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. వస్త్రాల విభాగంలో అసిస్టెంటుని. దేశం నలుమూలల నించీ వచ్చిన చీరలు, శాలువాలు, తివాచీలు చూసుకోవడం నా పని. మా మేడమ్ బెంగాలీ ఆవిడ. నెమ్మదిగా మాట్లాడేది, కానీ అనుకున్నది వదిలేది కాదు. ఒకసారి ఆవిడకి ఒక ప్రదర్శన ఆలోచన వచ్చింది. ప్రభుత్వ విందుల్లో, సభల్లో మన ఆడవాళ్ళు కట్టిన నేతలు ఒకచోట పెట్టాలని. పాత పేపర్లు తిరగేస్తూ ఒక ఫోటో నా ముందు పెట్టి, "ఈ చీర ఎక్కడిదో చెప్పగలవా? మీ వైపుదే అనిపిస్తోంది," అంది.

మా ట్రంకు పెట్టె మూత లోపలి ఫోటోయే అది.

"చీర గద్వాలది మేడమ్. ఆవిడ మా పెద్దమ్మ," అన్నాను.

"అచ్ఛా. అయితే అడుగు. ఇస్తారేమో."

సరిగ్గా అప్పుడే మంత్రిగారు ఎన్నికల్లో ఓడిపోయారు. బంగళా ఖాళీ చేయాలి. నేను వెళ్ళేసరికి గదుల్లో సర్కారు కుర్చీలూ బీరువాలూ ఒకవైపు, సొంత సామాన్లు ఇంకోవైపు పెట్టి ఉన్నాయి. తోటకి నీళ్ళు పెట్టక గడ్డి ఎండిపోయింది. మంత్రిగారు వరండాలో కూర్చుని పుస్తకాలు కట్టలు కడుతున్నారు. ఒకప్పుడు గేటు బయట వరకూ జనం నిలబడే ఇల్లు. ఆ రోజు నేనొక్కదాన్నే.

పెద్దమ్మ లోపల గదిలో నేల మీద బట్టలు పరుచుకుని కూర్చుంది. నేను విషయం చెప్పాను. మ్యూజియం అంటే ఏమిటో, అక్కడ చీరని ఎలా ఉంచుతారో అంతా వివరంగా చెప్పాను. ఆవిడ వింటూ వింటూ పెట్టెలోంచి ఆ చీర తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నీకే ఇద్దామనుకున్న. ఊరికి పోయేముందు ఇయ్యాలె అని పైన పెట్టిన. మీ అమ్మ చెయ్యి పడ్డది. నీకాడుంటె బాగుంటది అనుకున్న."

అడగడానికి వచ్చింది ఉద్యోగం తరఫున. నాకు దక్కబోయేదాన్ని నేనే పట్టుకుపోయి అద్దాల పెట్టెలో పెట్టాలా? చీర మడతల మీద చెయ్యేసి నిమిరాను. నూలు మెత్తగా, ఎన్నోసార్లు ఉతికిన బట్టలా ఉంది.

"వద్దులే పెద్దమ్మా. ఇంకో చీర అడుగుతాను, మా మేడమ్‌కి చెప్తాను," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "నీకాడుంటె ఏమైతది? నువ్వు కట్టుకుంటవ్. ఎవరన్న అడిగితె నువ్వు గూడ ఇస్తవ్, నాకెరుక. పది పదిహేనేండ్లల పీలికలైతది. ఆడుంటె ఉంటది గద?"

"ఉంటుంది. చాలా ఏళ్ళు ఉంటుంది."

"మల్ల ఎవరు కట్టుకోనీకి లేదా?"

"లేదు పెద్దమ్మా. ఒకసారి లోపలికెళ్తే ఇంక ఎవరూ కట్టుకోకూడదు. చేతులకి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు కూడా."

"అట్లనా." లేచి తలుపు దగ్గరికేసింది. "అయితె లే. ఇప్పుడే కట్టుకో. రేపు తీస్కపోదువు."

నేను కట్టుకున్న చీర విప్పి పక్కన పడేసి ఆ చీర అందుకున్నాను. పెద్దమ్మ వయసు పైబడ్డ మనిషి. మోకాళ్ళ నొప్పులున్నాయి. అయినా నా ముందు కింద కూర్చుని కుచ్చిళ్ళు సర్దింది. "మీ అమ్మ గూడ నీ లెక్కనే బక్కది. కుచ్చిళ్ళు ఎక్కువొస్తయి. నేను కట్టుకుంటె ఇన్ని రావు," అని వాటిని ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కింది. కొంగు భుజం మీద వేసి, వెనక్కి వెళ్ళి చూసి, మళ్ళీ ముందుకొచ్చి చూసింది. నా గడ్డం పట్టుకుని ముఖం కొంచెం ఎత్తింది. నా కళ్ళల్లో నీళ్ళు చూసి, "చీర మీద పడకుండ సూడు. మీ మేడం తిడ్తది," అంది. ఇద్దరం నవ్వాం.

వరండాలోకి తీసుకెళ్ళింది. మంత్రిగారు పుస్తకాల కట్ట ముడివేస్తూ తలెత్తారు. చాలాసేపు చూశారు.

"ఆ రోజు ఆ అధ్యక్షుడు నాతోని రెండు మాటలన్నా మాట్లాడలేదమ్మా. ఆయన భార్య మీ పెద్దమ్మను వదలలేదు. కారెక్కేటప్పుడు గూడ వెనక్కి తిరిగి చెయ్యూపింది. నా పదవిలో ఎవరన్నా మనస్ఫూర్తిగా చెయ్యూపింది అదొక్కసారే," అన్నారు.

ఆయన హాస్యానికి అన్నారో, నిజంగానే అన్నారో నాకు తెలియలేదు. పెద్దమ్మ మాత్రం, "శరబత్తు తాగుతవా?" అని ఆయన్ని అడిగి లోపలికెళ్ళింది. ఆ మధ్యాహ్నమంతా నేను ఆ చీరలోనే ఉన్నాను. సామాన్లు సర్దడంలో సాయం చేయబోతే చేయనివ్వలేదు. కూర్చోబెట్టి, తను పని చేసుకుంటూ అమ్మ గురించి నాకు తెలియని సంగతులెన్నో చెప్పింది. ఢిల్లీ వచ్చిన కొత్తలో అమ్మకి ఎంత భయమో, కూరగాయల మార్కెట్లో దారి తప్పి ఎంత ఏడ్చిందో. అవి తర్వాత ఎప్పుడో నవ్వుకుంటూ తన దగ్గర చెప్పుకుందట. సాయంత్రం వెలుగు తగ్గుతుండగా చీర విప్పి ఆవిడ చేతికిచ్చాను. పాత దుప్పటిలో చుట్టి ఇచ్చింది. స్కూటర్ రిక్షాలో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని ఇంటికెళ్ళాను.

మ్యూజియంలో చీరని పెద్ద బల్ల మీద పరిచారు. మరమ్మతులు చూసే ఆయన అంచంతా పరిశీలించి, ఆ కుట్టు దగ్గర ఆగాడు. "ఇది తర్వాత ఎవరో కుట్టింది. దారం వేరు. తీసేసి, అసలు రంగు దారంతో మళ్ళీ కుడతాను. తెలియనే తెలియదు," అన్నాడు. ఆయన పనిమంతుడే. అన్నట్టే చేయగలడు. విందు రోజు ఎలా ఉందో అలా కనిపించాలి కాబట్టి మేడమ్ కూడా తలూపింది.

ఆ కుట్టు ఎవరిదో చెప్తే, సొంత విషయం ఆఫీసులోకి తెస్తున్నానంటారేమోనని భయం. అయినా టీ వేళకి మేడమ్ గదికెళ్ళాను.

"మేడమ్, ఆ కుట్టు మా అమ్మది."

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. నేను నా పెళ్ళి గురించి, చిరుగు గురించి, దారం కోసం తిరగడం గురించి చెప్పాను. అమ్మ లేదని కూడా చెప్పాను. మొత్తం చెప్పేసరికి టీ చల్లారిపోయింది.

"ఇంకెవరెవరు కట్టుకున్నారు ఈ చీర?" అని అడిగింది.

తోటమాలి కూతురు, డ్రైవరు భార్య, నాకు తెలిసినవాళ్ళందరినీ చెప్పాను. నిన్న మధ్యాహ్నం నేను కూడా కట్టుకున్నానని అన్నాను. ఆవిడ నవ్వింది. బల్ల దగ్గరికి తిరిగొచ్చి మరమ్మతుల ఆయనతో, "ఆ కుట్టు ఉండనివ్వండి. వెనక సన్నటి వల గుడ్డ వేసి బలం ఇవ్వండి, చాలు. చీర ఒక్క సాయంత్రమే బతకలేదు కదా," అంది. ఆయన "ఠీక్ హై," అన్నాడు. కుట్టు మీద భూతద్దం పెట్టి మళ్ళీ చూసి, "మంచి పనితనం ఉన్న మనిషే," అని నాతో అన్నాడు. ఆ మాట ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. రిటైరై మా దగ్గరే ఉంటున్నాడప్పుడు. నాన్న వినీ విననట్టు రేడియో చెవి తిప్పుతూ ఉండిపోయాడు. రాత్రి భోజనాల దగ్గర మాత్రం, "ఏమన్నాడన్నావూ ఆయన?" అని మళ్ళీ చెప్పించుకున్నాడు.

ప్రదర్శన మొదలవడానికి ముందురోజు పెద్దమ్మనీ మంత్రిగారినీ తీసుకొచ్చి చూపించాను. ఇంకెవరూ లేరు. అద్దం వెనక చీర కొంగు పరుచుకుని, అంచు పొడవునా కిందికి జారుతూ ఉంది. పక్కన ఆ పేపరు ఫోటో. కింద కార్డు మీద హిందీలో, ఇంగ్లీషులో వివరం.

"ఏం రాసిన్రు?" అంది పెద్దమ్మ.

చదివాను. గద్వాల నేత, నూలు, పట్టు, జరీ. ఫలానా విందులో శ్రీమతి అని, ఆ తర్వాత మంత్రిగారి పేరు. ఆయన భార్య అని అలా రాయడం అప్పట్లో మామూలే. మేమెవరమూ దాని గురించి ఆలోచించలేదు.

"నా పేరేడున్నది?"

"ఇదే పెద్దమ్మా, శ్రీమతి..."

"అది ఆయన పేరు. ఆయన కట్టుకున్నడా చీర?"

మంత్రిగారు పక్కనే ఉన్నారు. నేను ఇబ్బందిపడి ఆయన వైపు చూశాను. ఆయన కార్డు దగ్గరికి వంగి చదివి, "అడిగిందాంట్ల తప్పేమున్నది," అన్నారు. "మార్పించమ్మా. నా పేరు చాలాచోట్ల రాసిన్రు. సగం తుడిచేసిన్రు గూడ."

మేడమ్‌కి చెప్తే కార్డు అప్పటికప్పుడే మళ్ళీ టైపు చేయించింది. పెద్దమ్మ పేరు, ఇంటిపేరుతో సహా, మొదటి వరసలో. నేను కార్డు అద్దం లోపల పెడుతుంటే పెద్దమ్మ నా వెనకే నిలబడింది. తెలుగు తప్ప చదవడం రాదు. అద్దం మీద వేలు పెట్టి ఏ అక్షరం ఏదని అడిగింది. హిందీలో తన పేరు ఒక్కో అక్షరం చూపించాను. మొదటి అక్షరం దగ్గర వేలు ఆపి, "గిది మన దాని లెక్కనే ఉన్నది కొంచెం," అంది. ఇంగ్లీషుది కూడా చెప్పించుకుంది. వెళ్ళేముందు తనే ఒకసారి, తప్పు లేకుండా, వరసగా చెప్పింది.

ఆ ప్రదర్శన ఉన్నన్నాళ్ళూ చాలామంది వచ్చారు. ఒక ఆదివారం తోటమాలి కూతురు వచ్చింది, ఇద్దరు పిల్లల్ని తీసుకుని. పెద్దమ్మే కబురు పెట్టిందట. పిల్లలు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తుంటే, "మీ నాన్న నన్ను మొదటిసారి చూసింది ఈ చీరలోనే. ముసుగులోంచి ముఖం కనపడక ఏం చూశాడో మరి," అంది. చిన్నపిల్ల నమ్మలేదు. అద్దాల్లో ఉన్నవి రాజులవీ రాణులవీ అని వాళ్ళ టీచరు చెప్పిందట. మా నాన్న ఒకరోజు ఒక్కడే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసుకొచ్చినట్టు. నేను వేరే గదిలో ఉన్నాను. ఎంతసేపు ఉన్నాడో తెలియదు. నాకు చెప్పకుండానే వెళ్ళిపోయాడు. వాచ్‌మన్ చెప్తే తెలిసింది.

పెద్దమ్మావాళ్ళు ఊరికి బయల్దేరే వారం, సరోజినీ నగర్ మార్కెట్‌కి తీసుకెళ్ళమంది. బంగళాలో పనిచేసినవాళ్ళకి తలా ఒక జత బట్టలు పెట్టాలి. చలికాలం ఎండ. దుకాణాల ముందు పట్టాల మీద చీరలు కుప్పలు పోసి ఉన్నాయి. పదేళ్ళకి పైగా ఢిల్లీలో ఉన్నా పెద్దమ్మ హిందీలో సగం హైదరాబాద్ మాట. "ఇత్తా కైకు బోల్తే భయ్యా?" అని, ఇంత రేటెందుకని బేరం మొదలుపెట్టేసరికి దుకాణంవాడు ఆశ్చర్యపోయి చూసి, మాతాజీ ఎక్కడివారని అడిగాడు. పాలమూరని గొప్పగా చెప్పింది. వాడికి అదెక్కడో తెలియదు. తెలిసినట్టు తలూపాడు.

అందరికీ కొన్నాక, ఒక నూలు చీర తీసి నా భుజం మీద వేసి చూసింది. లేత నీలం మీద తెల్లటి చుక్కలు. ఆఫీసుకి కట్టుకోవడానికని కొనిపెట్టింది. నేను వద్దంటే, "ఊకో," అని కసిరింది. తర్వాత ఇద్దరం గట్టు మీద కూర్చుని కాల్చిన చిలగడదుంపలు తిన్నాం. ఆకులో పెట్టి, నిమ్మరసం పిండి, మసాలా చల్లి ఇచ్చాడు. కారం చాలలేదని పెద్దమ్మ ఇంకొంచెం చల్లించుకుంది. మూటలు మధ్యలో పెట్టుకుని, ఊళ్ళో ఇల్లు బాగు చేయించాలని, వెనక జామచెట్టు నాటాలని, నేను సెలవులకి రావాలని చెప్తూ కూర్చుంది. నిజంగానే మరుసటేడు వెళ్ళాను. పక్షం రోజులున్నాను.

నీలం చీర మెత్తగా ఉండేది. వారంలో రెండు రోజులు అదే కట్టేదాన్ని. రంగు వెలిసి, చుక్కలు చెరిగి, ఇంక కట్టుకోలేననుకున్నాక మా పాపకి ఊయల కట్టాను. ఎండాకాలం మధ్యాహ్నాలు కూలర్ ముందు ఆ ఊయలలోనే నిద్రపోయేది.